వస్తానన్నవాళ్ళూ, రానన్న కరీముల్లా గారూ

మాది దివిసీమ. మమ్మల్ని ముంచడానికి ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు సముద్రం ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. నన్ను మాత్రం ఆ రెండూ ముంచలేదు. ఒక క్రియాపదం ముంచింది. మూడో తరగతి పిల్లలకి కూడా అర్థం తెలిసిన క్రియాపదం. దాన్ని నమ్ముకుని ఒక ఆదివారం నేను మచిలీపట్నంలో చేసిన నిర్వాకం ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వొస్తే నవ్వేయండి, మొహమాటపడకండి. మా క్లాసంతా ఎప్పుడో నవ్వేసింది. మీరు కొత్తగా నవ్వితే పోవడానికి నా దగ్గర పరువంటూ ఏమీ మిగల్లేదు.

అప్పుడు నేను బందరులో, అంటే మచిలీపట్నంలోనే, విశ్వవిద్యాలయంలో బిహేవియరల్ సైన్స్ చదువుతున్నాను. తెలుగులో ప్రవర్తన శాస్త్రం అనుకోండి. మనుషులు ఏ పని ఎందుకు చేస్తారు, ఒకటి చెప్పి ఇంకొకటి ఎందుకు చేస్తారు అని తెలుసుకునే చదువు. ఈ మాట ఎవరికి చెప్పినా వెంటనే ఒకటే అడిగేవారు.

"అయితే ఇప్పుడు నేనేం అనుకుంటున్నానో చెప్పు చూద్దాం."

"వీడికి ఉద్యోగం రాదు అనుకుంటున్నారండి" అనేవాణ్ణి. ఒక్కసారి కూడా గురి తప్పలేదు. శాస్త్రంలో నా పట్టు అలాంటిది.

శాస్త్రం సంగతి సరే, మాట్లాడే మనిషి దొరకడమే నాకు కష్టంగా ఉండేది. మా నాన్న చేపల చెరువుల పని మీద అమ్మనీ చెల్లినీ తీసుకుని భీమవరం వైపు వెళ్ళిపోయాడు. దివిసీమలో మా ఇంటికి తాళం. నాకు కోనేరు సెంటర్ దగ్గర మేడ మీద ఒక గది. మా క్లాసు వాళ్ళంతా రైలు బాపతు. పెడన నుంచి కొందరు, గుడివాడ నుంచి కొందరు, ఇంకా ఆ పైనుంచి కొందరు. చివరి క్లాసు అయిందో లేదో సంచులు భుజాన వేసుకుని స్టేషన్‌కి పరుగు. "వస్తాం రా శ్రీనూ" అని అందరూ ఒకేసారి అనేవాళ్ళు. నేను సరేననే లోపు వరండా ఖాళీ అయ్యేది.

వారం రోజులూ ఎలాగో గడిచేవి. ఆదివారమే గడిచేది కాదు. శనివారం సాయంత్రం మూసిన నోరు సోమవారం పొద్దున్న తెరిచేవాణ్ణి. నా గదిలో చప్పుడు చేసే వస్తువులు రెండే: ఫ్యాను, రైస్ కుక్కరు. అన్నం అయ్యాక కుక్కరు టిక్కుమంటుంది కదా, దానికి నేను "ఆ, వస్తున్నా" అని బదులివ్వడం మొదలుపెట్టాను. సరదాకే మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి అలవాటైపోయింది. ఒకరోజు కరెంటు పోయి అది టిక్కుమనకపోతే మనసు చివుక్కుమంది. ప్రవర్తన శాస్త్రం చదివే మనిషి కుక్కరు మీద అలగడం ఏ పాఠంలోనూ లేదు.

ఎదురు వాటాలో కరీముల్లా గారు ఉండేవారు. అవనిగడ్డ బస్సు మీద చాలా ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఒంటరిగానే ఉంటున్నారని ఇంటావిడ చెప్పింది. పొడుగ్గా, నిటారుగా, ఎప్పుడూ చిల్లర లేదని చెప్పబోతున్న మొహంతో ఉండేవారు. మా ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ మొత్తం ఇది:

"మోటారు కట్టేశావా?"

"కట్టేశానండి."

ఇలా నడుస్తుండగా మా సుభాషిణి మేడం ఒక ప్రాజెక్టు ఇచ్చారు. మాటకీ చేతకీ మధ్య ఎంత దూరం ఉంటుందో మీ ఊళ్ళోనే చూసి రండి, అన్నారు. "ఒక పని చేస్తారా అని జనాన్ని అడగండి. ఏమన్నారో రాసుకోండి. తర్వాత నిజంగా ఏం చేశారో చూడండి. ఒక్క షరతు. మధ్యలో గుర్తు చెయ్యకూడదు. గుర్తు చేస్తే అది వాళ్ళ ప్రవర్తన కాదు, మీ పోరు."

క్లాసులో అందరూ చకచకా తేల్చేసుకున్నారు. ఒకడు హెల్మెట్ పెట్టుకుంటారా అని, ఇంకొకమ్మాయి పొద్దున్నే నడుస్తారా అని. నా వంతు వచ్చింది.

"నేను భోజనానికి పిలుస్తాను మేడం. వస్తామన్నవాళ్ళలో ఎంతమంది వస్తారో చూస్తాను."

"ఖర్చవుతుందేమో బాబూ" అన్నారు మేడం.

"శాస్త్రం కోసం మేడం" అన్నాను.

శాస్త్రం కోసం కాదని మీకిప్పటికే అర్థమై ఉంటుంది. ఒక్క ఆదివారం నా గదిలో మనుషుల చప్పుడు వినాలనుంది. ఊరికే పిలిస్తే ఎందుకు పిలుస్తున్నావని అడుగుతారేమోనని సిగ్గు. ప్రాజెక్టు అంటే ఆ సిగ్గు ఉండదు. ఎవరూ రాకపోయినా అది నన్ను కాదన్నట్టు కాదు, నా పరిశోధనకి ఒక ఫలితం వచ్చినట్టు. ఇంత పకడ్బందీగా ఏర్పాటు చేసుకున్నాను.

మొదట ప్రసాద్‌ని పిలిచాను. పెడన వాడు, క్లాసులో నాకు కాస్త దగ్గరివాడు. స్టేషన్ దాకా వాళ్ళతో పాటు నడిచి వెళ్ళి మరీ పిలిచాను.

"ఒరేయ్, ఈ ఆదివారం మధ్యాహ్నం మా గదికి భోజనానికి రండి రా. అందరూ."

"ఓ, దానికేముంది రా" అన్నాడు ప్రసాద్. అప్పటికే ఒక కాలు పెట్టె మెట్టు మీద ఉంది. "బండి కదులుతోంది, వస్తాం రా."

వెనకాల ఉన్నవాళ్ళంతా కిటికీల్లోంచి చేతులూపారు. "వస్తాం రా, వస్తాం."

బ్యాచి మొత్తం ఒప్పుకుంది. నా గుండె నిండిపోయింది.

తర్వాత మేడం. వరండాలో పట్టుకున్నాను.

"మేడం, మీరు కూడా ఆదివారం మా గదికి భోజనానికి రావాలి."

"అయ్యో, నీకెందుకు బాబూ శ్రమ. చక్కగా చదువుకో. సరే మరి, క్లాసుకి టైమైంది, వస్తాను."

మేడం కూడా వస్తానన్నారు. ఆ ఆనందంలో నాకు కళ్ళు కనిపించక ఎదురుగా వస్తున్న లైబ్రరీ వెంకట్రావు గారిని గుద్దుకున్నాను. ఆయన తాళంచెవుల గుత్తి కింద పడింది. తీసి చేతికిస్తూ ఆయన్ని కూడా పిలిచేశాను.

"భోజనమా? మహా బాగుంటుంది. ఏదీ, వెనక తలుపు తాళం వేశానో లేదో. వస్తా బాబూ, వస్తా." అంటూనే ఆయన వెళ్ళిపోయారు. ఒకటికి రెండుసార్లు అన్నారు. దీన్ని దృఢ సంకల్పం కింద లెక్కవేశాను.

టిఫిన్ సెంటర్ ఆవిడ "దోసె మాడుతోంది, వస్తానయ్యా" అంది. జిరాక్సు షాపు కుర్రాడు షట్టర్ దించుతూ "వస్తానన్నా" అన్నాడు. ఇంకా ఎవరెవరిని పిలిచానో చెప్పి మిమ్మల్ని విసిగించను. ఎవరిని పిలిచినా ఒకటే సమాధానం. బందరు ఇంత మంచి ఊరని నాకు అప్పటిదాకా తెలియదు.

చివర్న కరీముల్లా గారి తలుపు కొట్టాను.

"మోటారు కట్టేశావా?"

"కట్టేశానండి. ఆదివారం మధ్యాహ్నం మా గదికి భోజనానికి రావాలండి."

"రాను."

నాకు ఇది కొత్త. "ఎందుకండీ?" అన్నాను.

"పనుంది."

"ఏం పనండీ?"

"నాకేం పనుంటే నీకెందుకు? రానని చెప్పాగా."

తలుపు పడింది. ఆయనకి బస్సులో అలవాటు కాబోలు, ఎక్కుతావా దిగుతావా తప్ప మధ్యలో ఇంకో మాట ఉండదు. పాపం, ఒంటరిగా ఉండి ఉండి మొరటుతనం వచ్చింది, అని జాలిపడ్డాను. ఎవరి మీద ఎవరు జాలిపడుతున్నారో చూశారా.

ఇంతమందికి వండాలంటే నా కుక్కరు దేనికీ చాలదు. పెద్ద గిన్నె కావాలి. ఆ మేడ మీద పెద్ద గిన్నె ఉన్నది కరీముల్లా గారి దగ్గరే. వాళ్ళింట్లో నలుగురూ కూడిన రోజుల్లో అన్నం వండిన ఇత్తడి డేగిసా, తలుపు పక్కనే బోర్లించి ఉండేది. శనివారం మళ్ళీ తలుపు కొట్టాను.

"డేగిసా ఒకసారి ఇస్తారాండీ?"

"ఎందుకూ?"

"అందరూ వస్తామన్నారండి."

"అందరూ అంటే?"

"అందరూనండి."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశారు. లోపలికి వెళ్ళి డేగిసా తెచ్చి నా చేతుల్లో పెట్టారు. బరువుకి నేను సగానికి వంగాను.

"రేపు సాయంత్రానికల్లా తిరిగి ఇవ్వాలి. ఖాళీది."

ఆదివారం తెల్లవారకముందే లేచి అమ్మకి ఫోన్ చేశాను. ఇంతమందికి ఎసరు ఎంత పెట్టాలో కనుక్కోవాలి కదా. అమ్మ అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"నిన్న ఇంకోసారి పిలిచావా?"

"లేదమ్మా. గుర్తు చెయ్యకూడదు. శాస్త్రం ఒప్పుకోదు."

"భోజనానికి రెండోసారి పిలవకూడదన్న శాస్త్రం ఏంట్రా? పంతులు గారేమన్నా చెప్పారా?"

"ఆ శాస్త్రం కాదమ్మా."

"ఏ శాస్త్రమైనా సరే. ముందురోజు ఒకసారి చెప్పాలి, పొద్దున్న ఒకసారి చెప్పాలి, ఆకులు వేశాక మనిషిని పంపాలి. ఒక్కసారి పిలిస్తే ఎవరొస్తారు? సరేలే, పొయ్యి మీద పాలున్నాయి, ఉంటాను." అని ఫోన్ పెట్టేసింది.

చూశారా, ఉంటాను అని పెట్టేసింది. మన భాషలో ఎదురుగా నిలబడి వెళ్ళిపోయేవాళ్ళు వస్తానంటారు, ఫోన్లోంచి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటానంటారు. వెళ్తాను అంటే మంచిది కాదని చిన్నప్పుడు నేను కూడా తిట్లు తిన్నవాణ్ణే. కనీసం అప్పుడైనా నాకు వెలగాల్సింది. వెలగలేదు. నేను బియ్యం కడుగుతున్నాను.

నా వంట గురించి దాచడానికేం లేదు. డేగిసా అన్నం అడుగున మాడింది, పైన పలుకయింది, మధ్యలో మాత్రం మనుషులు తినేలా ఉంది. ముద్దపప్పు, వంకాయ కూర, బంగాళాదుంప వేపుడు. పెరుగు తెచ్చాను. బందరు లడ్డూలు తెచ్చాను. మంచం ఎత్తి వరండాలో నిలబెట్టి, గది కడిగి, గోడ పొడుగునా అరిటాకులు పరిచాను. మేడం కింద కూర్చోగలరో లేదోనని ఇంటావిడని అడిగి ఒక కుర్చీ తెచ్చాను. వెంకట్రావు గారికి గాలి తగిలేలా కిటికీ పక్క ఆకు. ప్రసాద్ పక్కన నేను. ఎవరు ఎక్కడ కూర్చుంటారో అంతా అనుకున్నాక స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, తలుపు బార్లా తెరిచి కూర్చున్నాను.

కింద గేటు చప్పుడైంది. లేచి నిలబడ్డాను. ఇంటావిడ కూతురు ట్యూషన్‌కి వెళ్తోంది. కూర్చున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. లేచాను. కేబుల్ బిల్లు కోసం వచ్చిన మనిషి. ఆకులకేసి చూసి "ఏంటి సార్, ఫంక్షనా?" అన్నాడు. "మీరు కూడా రండి" అందామనుకున్నాను. నమూనాలో లేని మనిషిని మధ్యలో చేరిస్తే పరిశోధన పాడవుతుందని ఊరుకున్నాను. ఆ మనిషిని అప్పుడు పిలవనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మధ్యాహ్నం అయింది. భోజనాలకి పిలిస్తే ఎవరైనా కాస్త ఆలస్యంగానే వస్తారు, అది సహజ ప్రవర్తన అని రాసుకున్నాను. ఇంకాస్త ఆగాక, గుంపులో ఎవరికి వాళ్ళు ముందు వెళ్ళడానికి మొహమాటపడతారు, అది కూడా సహజమే అని రాసుకున్నాను. ఆ తర్వాత రాసుకోవడానికి శాస్త్రం అయిపోయింది. అరిటాకుల అంచులు ఎండి ముడుచుకుంటున్నాయి. నీళ్ళు చల్లాను. మళ్ళీ చల్లాను.

ఫోన్ తీశాను. చెయ్యకూడదు, షరతు. ఊరికే వాట్సాప్ చూశాను. ప్రసాద్ స్టేటస్ పెట్టాడు. గుడివాడలో మా క్లాసు వాళ్ళే ఎవరింటి దగ్గరో క్రికెట్ ఆడి, అందరూ భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్నారు. బ్యాచిలో సగంమంది ఆ ఫోటోలోనే ఉన్నారు. ఒక్కొక్కళ్ళ మొహం పెద్దది చేసి చూశాను. వీళ్ళెవరూ నన్ను మోసం చేస్తున్న మొహాలతో లేరు. హాయిగా ఉన్నారు. అసలు నేను వాళ్ళకి గుర్తుకే రాలేదు.

నవ్వుల కథ చెబుతానని కూర్చోబెట్టాను కాబట్టి ఈ ముక్క త్వరగా చెప్పేస్తాను. ఏడుపొచ్చింది. వంట చేసినందుకు కాదు. ఆ ఆకుల వరసలో ప్రతి ఆకు ముందూ ఒక మనిషిని ఊహించుకుని కూర్చున్నాను కదా, వాళ్ళందరూ ఒకేసారి లేచి వెళ్ళిపోయినట్టయింది. తెరిచిన తలుపు మూసేద్దామని లేచాను.

తలుపులో కరీముల్లా గారు.

"డేగిసా."

"సాయంత్రానికన్నారు కదండీ."

"సాయంత్రమే ఇది." బయట ఎండ కణకణలాడుతోంది. ఆయన గదిలోకి తొంగి చూశారు. ఆకుల వరస చూశారు, కుర్చీ చూశారు, నా కళ్ళు చూశారు. "ఎవరూ రాలేదా?"

"దార్లో ఉన్నారండి."

"ఎవరూ?"

"అందరూనండి."

ఆయన డేగిసా మూత తీసి చూశారు. "ఖాళీది ఇమ్మన్నాను. ఇలా నిండుగా ఇస్తే నేనెక్కడ పెట్టుకోను?" చెప్పులు విడిచి వచ్చి, సరిగ్గా ప్రసాద్ ఆకు ముందు కూర్చున్నారు. "వడ్డించు."

వడ్డించాను. పక్క ఆకులో నేనూ కూర్చున్నాను. ఆయన పప్పు కలుపుకుని ఒక ముద్ద తిన్నారు.

"పప్పులో ఉప్పు లేదు."

"మర్చిపోయానండి."

వంకాయ కూర తిన్నారు. కాసేపు కళ్ళు మూసుకున్నారు. "మర్చిపోలేదు. రెండిటిదీ ఇందులో వేశావు. కలుపుకుంటే సరిపోతుంది."

కలుపుకుని తిన్నాం. నిజంగానే సరిపోయింది.

"పనుందన్నారు కదండీ" అన్నాను.

"అదే పని. డేగిసా తెచ్చుకోవడం."

"నేను డేగిసా అడిగింది ఆ తర్వాత కదండీ?"

"అన్నం వెయ్యి."

వేశాను. ఆయన తల ఎత్తకుండానే అడిగారు. "వస్తామని ఎలా అన్నారు వీళ్ళంతా?"

"వస్తామనే అన్నారండి. ప్రసాదైతే రైలెక్కుతూ వస్తాం రా అన్నాడు. మేడం క్లాసుకి వెళ్తూ వస్తానన్నారు. లైబ్రరీ ఆయన తాళం వెయ్యడానికి వెళ్తూ రెండుసార్లు..."

అక్కడ ఆగిపోయాను. నా మాటలు నా చెవిన అప్పుడు పడ్డాయి. రైలెక్కుతూ. క్లాసుకి వెళ్తూ. తాళం వెయ్యడానికి వెళ్తూ. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఊరందరూ నాతో వెళ్ళొస్తాం అని చెబితే, వాళ్ళందరికీ నేను ఎసరు పెట్టాను.

కరీముల్లా గారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. మాడిన అన్నం ఒక పక్కకి తీసుకుంటూ అన్నారు, "నాకూ చెప్పేవాళ్ళులే. బస్సు దిగుతా రోజూ ఎంతమందో, వస్తాం కండక్టరు గారూ అనేవాళ్ళు. ఇన్నేళ్ళూ ఒక్కళ్ళూ మా ఇంటికి రాలా."

తర్వాత లడ్డూ తిన్నారు. ఇంకోటి తిన్నారు.

డేగిసా మాత్రం ఖాళీ కాలేదు. ఎలా అవుతుంది, ఇద్దరం తిన్నదెంత. "పులిహోర కలిపెయ్" అన్నారాయన. ఇద్దరికీ కలపడం రాదు. అమ్మకి ఫోన్ చేసి, ఆవిడ ఉంటాను అనే లోపు సగం కనుక్కుని, మిగతా సగం మా సొంత తెలివితో చేశాం. చింతపండు ఎక్కువైందని ఆయన, పసుపు ఎక్కువైందని నేను. ఆ ఆదివారం నేను మాట్లాడినన్ని మాటలు అంతకుముందు ఏ ఆదివారమూ మాట్లాడలేదు. అందులో ఎక్కువ భాగం పసుపు గురించే అయినా సరే.

సోమవారం ఆ పులిహోర క్లాసుకి పట్టుకెళ్ళాను. పిలిస్తే రానివాళ్ళంతా పిలవకుండానే చుట్టూ మూగి తిన్నారు.

"వండుకుంటున్నావని ఒక మాట చెప్పకూడదట్రా? వచ్చేవాళ్ళం కదా" అన్నాడు ప్రసాద్, నోటి నిండా పులిహోరతో.

"పిలిచాను కదరా."

"ఎప్పుడూ?"

"రైలు దగ్గర. వస్తాం రా అన్నావు కూడా."

వాడు నమలడం ఆపాడు. "అది పిలవడమా? మళ్ళీ ఒక ఫోనన్నా చెయ్యలేదు. ఏదో మాటవరసకి అన్నావనుకున్నా రా." చెయ్యి తుడుచుకుని, "నిజంగా వండావా? అందరికీ?" అన్నాడు. వాడి మొహం చిన్నబోయింది. అది చూసి నాకు, ఎంత నీచుణ్ణో చూడండి, కొంచెం తృప్తిగా అనిపించింది.

అంటే జరిగిందిది. నేను మనసారా పిలిస్తే వాళ్ళు మాటవరసకనుకున్నారు. వాళ్ళు మాటవరసకి అంటే నేను మనసారా అనుకున్నాను. ఎవరి తప్పూ లేదు. వంకాయలు మాత్రం దండగ.

ప్రాజెక్టు చెప్పాల్సిన రోజు క్లాసు ముందు నిలబడ్డాను. మేడం అడిగారు.

"వస్తానన్నవాళ్ళలో ఎంతమంది వచ్చారు?"

"ఎవరూ రాలేదు మేడం."

"రానన్నవాళ్ళలో?"

"నూటికి నూరు శాతం వచ్చారు మేడం."

మేడం ముందుకి వంగారు. "చాలా ఆసక్తికరంగా ఉందే. రానన్నవాళ్ళు ఎంతమంది?"

"ఒకరు మేడం."

క్లాసంతా నవ్వడం మొదలుపెట్టింది. మేడం చెయ్యెత్తి ఆపారు. "వస్తానన్నవాళ్ళు ఏ సందర్భంలో అన్నారు బాబూ?"

"మీరైతే క్లాసుకి వెళ్తూ అన్నారు మేడం."

"నేనా?" అని ఆవిడ గుర్తు తెచ్చుకున్నారు. గుర్తొచ్చాక మేడం కూడా నవ్వారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు. "నీ పరిశోధనలో తేలిందేమిటంటే, తెలుగువాళ్ళు మర్యాదగా సెలవు తీసుకుంటారని. దీనికి పాస్ మార్కులైనా వెయ్యాలి, వేస్తాను. వేస్తాను అంటే వేస్తాననే."

ఆ రోజు నుంచి సాయంత్రం రైలుకి వెళ్ళేముందు క్లాసంతా వరసగా నిలబడి "వెళ్తున్నాం రా శ్రీనూ, రావడం లేదు" అని చెప్పి వెళ్ళేవాళ్ళు. నేను కూడా నవ్వేవాణ్ణి. వాళ్ళు వెళ్ళాక వరండా ఎప్పటిలాగే ఖాళీగా ఉండేది. మాట మారింది కానీ రైలు టైము మారలేదు.

ఆదివారాలు మాత్రం కొంచెం మారాయి. కరీముల్లా గారు డేగిసా తీసుకెళ్ళడం మర్చిపోయారు. తర్వాతి ఆదివారం దానికోసం వచ్చారు. వచ్చినప్పుడు అందులో ఇద్దరికి సరిపడా అన్నం ఉంది కాబట్టి తిని ఖాళీ చేసి, మళ్ళీ మర్చిపోయి వెళ్ళారు. ఆ తర్వాతి ఆదివారం వంట ఆయనది, డేగిసా నేను మోసుకెళ్ళాను, మర్చిపోవడం నా వంతు. ప్రతిసారీ ముందురోజు నేను "రేపు భోజనానికి రండి" అనడం, ఆయన "రాను, పనుంది" అనడం. నా చదువు పూర్తయ్యేదాకా ఆ డేగిసా ఏ గదిదో మాకే తేలలేదు.

గది ఖాళీ చేసిన రోజు కరీముల్లా గారు నా పెట్టె మోసుకుంటూ బస్టాండు దాకా వచ్చారు. బస్సు కదలబోతుంటే పెట్టె పైకి అందించారు. నేను మెట్టు మీద నిలబడి, చిన్నప్పటి నుంచి నాలుక మీద ఉన్న మాట కదా, అనేశాను.

"వస్తానండి."

ఆయన తలెత్తి చూశారు.

"ఎప్పుడు?"

బస్సు కదిలింది. ఆయన అక్కడే నిలబడి ఉన్నారు, నేను చెబుతానేమోనని.

ఇప్పుడు గుడివాడలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇక్కడా ఒక గది, ఒక ఫ్యాను, అదే కుక్కరు. బందరు ఎంత దూరమని, పొద్దున్న రైలెక్కితే టిఫిను వేళకి అక్కడుంటాను. అయినా వెళ్ళలేదు. వచ్చే వారం, ఆ వచ్చే వారం అనుకుంటూనే చాలా ఆదివారాలు అయిపోయాయి. నిన్న కుక్కరు టిక్కుమంటే "ఆ, వస్తున్నా" అన్నాను. అన్నాక గదిలో ఎవరూ లేరని గమనించి, ఫోన్ తీశాను.

"ఈ ఆదివారం పొద్దున బండికి వస్తున్నానండి."

"రావొద్దు" అన్నారు కరీముల్లా గారు. "నాకు పనుంది."

"సరేనండి."

"ఇంట్లో చింతపండు అయిపోయింది" అన్నారు. ఉంటానని కూడా అనకుండా ఫోన్ పెట్టేశారు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, నేను తిన్న వంకాయల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఎవరైనా వస్తానంటే వాళ్ళ కోసం ఎసట్లో ఒక్క గింజ పొయ్యను. ఏ రోజో, ఏ వేళకో చెప్పకుండా నేనూ ఎవరికీ వస్తానని చెప్పను. కానీ రావొద్దని నాకు గట్టిగా చెప్పిన చోటికి మాత్రం తప్పకుండా వెళ్తాను. చింతపండు ఇప్పటికే కొన్నాను.